వెనక గది: ఖాళీ

ఇస్త్రీ షాపు నుంచి,
ఫిబ్రవరి 9

చిట్టీ,

మీ శాఖ వాళ్ళ నుంచి నాకు రిజిస్టరు ఉత్తరం వచ్చింది. పోస్టుమాన్ సంతకం పెట్టమంటే కంగారులో తడిచేతులు ఎవరిదో ఇస్త్రీ చేసిన చొక్కాకి తుడిచేశాను. మళ్ళీ ఉతికి మళ్ళీ ఇస్త్రీ చేశాను. ఆ పాపం మీ శాఖదే.

"తమ మూడంతస్తుల భవనమును సేకరించుటకు గృహనిర్మాణ శాఖ ఆసక్తి కలిగియున్నది" అట. ఇన్నేళ్ళుగా ఈ ఇంటి మీద ఆసక్తి కలిగియున్నవి చెదపురుగులు ఒక్కటే. నువ్వు ఆ శాఖలోనే కదా ఏడుస్తున్నావు, కాస్త మనుషుల భాషలో చెప్పు. ఇల్లు లాక్కుంటారా, కొంటారా, కూలుస్తారా?

నిజం చెప్పాలంటే లోపల్లోపల సంతోషంగానే ఉంది. మీ బాబాయి పోయాక పై రెండంతస్తులకీ తాళాలేసే ఉన్నాయి. మెట్లెక్కి ఊడ్చే ఓపిక నాకు లేదు. కింద ముందు షాపు, మధ్యలో నేను, వెనక గదిలో బాకా మేస్త్రి. ఇదీ సంసారం.

మేస్త్రి అంటే గుర్తొచ్చింది. ఈ వారం ఎక్కడిదో బడి బ్యాండు మొత్తం ఆయన దగ్గరికి రిపేరుకి దిగింది. పదకొండు ట్రంపెట్లు, అన్నిటికీ సొట్టలే. పిల్లలు వాటితో వాయిస్తారో కొట్టుకుంటారో తెలీదు. పొద్దున తొమ్మిదికి కొయ్యసుత్తితో టకటక మొదలు. మధ్యాహ్నం ఒక్కోటీ ఊది చూస్తాడు. నేను ఇస్త్రీపెట్టె పిడితో గోడ మీద మూడు దెబ్బలు వేస్తాను. ఐదు నిమిషాలు ఊరుకుంటాడు. తర్వాత మళ్ళీ మామూలే. పదకొండేళ్ళుగా నా చెవులు నా ఒంటి మీద ఉన్నాయంటే అది నా గొప్పతనం.

వెంటనే జవాబు రాయి.

నీ పిన్ని

*

ఆఫీసు క్యాంటీను నుంచి,
ఫిబ్రవరి 15

పిన్నీ,

గాభరా పడకు. ఇల్లు కూల్చరు.

మా శాఖకి ఇళ్ళు రావడానికి మూడు దారులున్నాయి. ఓనరు ఒప్పుకుంటే కొనుక్కోవడం ఒకటి. ఇంటికి బదులు ఇంకో చోటో, అదే ఇంట్లోనో వాటా ఇవ్వడం ఇంకొకటి. ఓనరు మొరాయిస్తే చట్టం చూపించి తీసుకోవడం ఆఖరిది, దానికి అందరికీ తల ప్రాణం తోకకొస్తుంది. మీ వీధిలో సగం గదులు తాళాలతో ఉన్న ఇళ్ళు ఐదు ఉన్నాయని సర్వేలో తేలింది. వాటిని కొని, బాగుచేసి, ఫ్లాట్లుగా విడగొట్టి, ఇల్లు దొరకని కుటుంబాలకి అద్దెకిస్తారు. నీకు ధరా వస్తుంది, కింద అంతస్తులో ఒక ఫ్లాటూ వస్తుంది. నువ్వున్నంత కాలం నిన్నెవరూ కదపరు. షాపు కూడా ఉంచుకోవచ్చు.

ఒక సంగతి. నీ ఫైలు నేను ముట్టుకోకూడదు. "ఈవిడ మా అమ్మకి సొంత చెల్లెలు" అని మా పై అధికారిణికి రాసిచ్చేశాను. ఆవిడ చదివి, "ఇస్త్రీ షాపు ఆవిడా? నీ చీరలకి ఇస్త్రీ ఆవిడే చేసిస్తుందా, నావీ పంపనా" అంది. అంచేత లోపలి కబుర్లు అడక్కు, నేను చెప్పను.

మామూలు సలహా అయితే ఇస్తాను. కొలతల ఇన్‌స్పెక్టరు వచ్చే రోజున గదులు ఖాళీగా, శుభ్రంగా ఉంచు. టేపు గోడ నుంచి గోడకి సాఫీగా సాగితే పని తొందరగా తెములుతుంది.

నీ చిట్టి

*

ఇస్త్రీ షాపు నుంచి,
మార్చి 22

చిట్టీ,

ఇన్‌స్పెక్టరు వచ్చాడు, కొలిచాడు, నోరెళ్ళబెట్టాడు, పోయాడు.

నీ మాట పొల్లుపోకుండా చేశాను. నాలుగు రోజులు షాపు మూసేశాను. పై గదుల బూజు దులిపి, కిటికీ అద్దాలు పాత పేపరుతో తోమి, నేల సబ్బునీళ్ళతో కడిగాను. తలుపుల బందులకి నూనె రాశాను. ఆ అబ్బాయి టేపు పట్టుకుని గది గదికీ తిరిగి, "ఇంత చక్కగా ఉన్న ఇల్లు నా సర్వీసులో చూడలేదండీ" అన్నాడు. కుర్రవాడు బుద్ధిమంతుడు. ప్యాంటుకి రెండు మడతలు పడ్డాయి గానీ ఆ విషయం నేను ఎత్తలేదు.

గోడల మందం రాసుకున్నాడు, కిటికీలు లెక్కపెట్టాడు, మరుగుదొడ్డిలో నీళ్ళు వదిలి చూశాడు. చివర్లో నన్ను నాలుగు ప్రశ్నలడిగి, జవాబులు ఫారం మీద రాసి, సంతకం పెట్టించుకున్నాడు. అంతా గంటన్నరలో అయిపోయింది. పక్కింటి టైలరు వాళ్ళింట్లో ఆ పని రెండు రోజులు పట్టిందట. గుట్టలు గుట్టలుగా గుడ్డముక్కలుంటే టేపు ఎక్కడ సాగుతుంది పాపం.

ఇక్కడ అంతా బాగుంది. ఎండలు ముదురుతున్నాయి. నీ దగ్గు తగ్గిందా?

నీ పిన్ని

*

ఇంటి నుంచి,
ఏప్రిల్ 2

పిన్నీ,

దగ్గు తగ్గింది. నాకు ఇంకో బెంగ పట్టుకుంది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో బాకా మేస్త్రి మీద ఒక్క తిట్టు కూడా లేదు. పదకొండేళ్ళలో ఇలా ఎప్పుడూ జరగలేదు. మా పెళ్ళికి దీవెనలు పంపిన ఉత్తరంలో కూడా నాలుగు లైన్లు మేస్త్రి మీద ఉన్నాయి.

ఆ నాలుగు ప్రశ్నలేమిటి? నువ్వేం చెప్పావు? నీళ్ళు నమలకుండా రాయి.

నీ చిట్టి

*

ఇస్త్రీ షాపు నుంచి,
ఏప్రిల్ 20

చిట్టీ,

నీకు పోలీసు ఉద్యోగం రావాల్సింది.

గదులు ఖాళీగా ఉంచమన్నావు కదా. అన్ని గదులూ అద్దంలా చేసి, వెనక గదిలో బొగ్గుకుంపటి, మసి, ఇత్తడి పొడి, కొక్కేలకి వేలాడే బాకాలు కనిపిస్తే ఏం బాగుంటుంది? పెళ్ళిచూపులకి ముస్తాబై కాళ్ళకి బురద పూసుకున్నట్టు ఉండదూ. అందుకని ఆ రోజు మేస్త్రిని వాళ్ళ చెల్లెలి ఊరికి పొమ్మన్నాను. "సరేనండీ ఓనరు గారూ" అని సంచి పట్టుకుని పొద్దున్నే బస్సెక్కేశాడు. ఆయన సామానంతా దుప్పట్ల మూటల్లో కట్టి, ఉతకడానికొచ్చిన బట్టల్లో కలిపేశాను. గది కడిగేశాను. ఇన్‌స్పెక్టరు "ఇక్కడ ఎవరుంటారండీ" అంటే "ఎవరూ ఉండరు" అన్నాను. నిజంగా ఎవరూ లేరు కదా అప్పుడు. "ఇంట్లో మొత్తం నివాసులు?" అన్నాడు. "ఒక్కదాన్నే" అన్నాను. నాకప్పుడు ఎంత దర్జాగా అనిపించిందో.

మొన్న నివేదిక నకలు వచ్చింది. ఏడో పేజీలో "వెనక గది: ఖాళీ. నివాసులు: ఒకరు" అని ఉంది. కింద నా సంతకం.

దాన్ని మేస్త్రి కూడా చదివాడు. బల్ల మీద నేనే పెట్టాను, గొప్పగా చూపిద్దామని. చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అయితే నేను ఎప్పట్లోగా ఖాళీ చెయ్యాలండీ" అన్నాడు. "మిమ్మల్నెవరు చెయ్యమన్నారు" అని కసిరాను గానీ, సంతకం నాదే కదా.

ఇదేమైనా పెద్ద తప్పా? మీ వాళ్ళకి ఫోను చేసి దిద్దించెయ్యరాదూ?

నీ పిన్ని

*

ఆఫీసు క్యాంటీను నుంచి,
ఏప్రిల్ 24

పిన్నీ,

పెద్ద తప్పే. అందులో సగం నాది. "సామాను గోడలకి కొంచెం జరిపి పెట్టు" అని రాయాల్సింది పోయి "ఖాళీగా" అని రాశాను. బట్టల మీద ముడత కనిపిస్తే నిద్రపట్టని మనిషికి ఆ మాట రాసినందుకు నన్ను నేను తిట్టుకుంటున్నాను.

జరగబోయేది విను. శాఖ ఇల్లు తీసుకునే రోజుకి నివేదికలో నివాసిగా పేరు ఉన్నవాళ్ళకి అదే ఇంట్లో ఫ్లాటు ఇవ్వాలి, అద్దె పెంచకూడదు. పేరు లేనివాళ్ళు దరఖాస్తు పెట్టుకుని వరసలో నిలబడాలి. ఆ వరసలో ఇవాళ్టికి తొమ్మిది వందల పైచిలుకు కుటుంబాలున్నాయి. మేస్త్రి వంతు వచ్చేసరికి ఆయనకి ఊదే ఊపిరి ఉండదు. నువ్వు అమ్మనని అడ్డం తిరిగినా లాభం లేదు. మీ వీధి మొత్తం పథకంలో ఉంది, చట్టం చూపించి తీసుకుంటారు, అప్పుడు కూడా ఇదే నివేదిక చూస్తారు.

దారి ఒక్కటే ఉంది. మే 20 లోపల అభ్యంతరం పెట్టాలి. మేస్త్రి ఆ గదిలో పదేళ్ళుగా ఎడతెగకుండా ఉన్నాడని చూపించాలి. ఇరుగుపొరుగు నోటిమాట సరిపోదు. పదేళ్ళలో ఏటికొకటి చొప్పున, తేదీ ఉన్న కాగితం కావాలి. ఒక్క ఏడాది తప్పినా లెక్కలోకి రాదు.

అద్దె రసీదులు పంపు.

నీ చిట్టి

*

ఇస్త్రీ షాపు నుంచి,
ఏప్రిల్ 30

చిట్టీ,

రసీదుల్లేవు. ఇంట్లో మనిషికి రసీదేమిటని ఎప్పుడూ ఇవ్వలేదు. ఆయనా అడగలేదు. కరెంటు బిల్లు నా పేరున, నీళ్ళ బిల్లు మీ బాబాయి పేరున. మేస్త్రికి ఉత్తరాలు రావు, బ్యాండు వాళ్ళు గుమ్మంలోకొచ్చి కేకేసి బాకా పడేసి పోతారు. ఆయన బిల్లు పుస్తకం ఏమిటో తెలుసా? గోడ. సుద్దముక్కతో రాసుకుంటాడు. రాసుకునేవాడు. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని నేను సున్నం కొట్టించేశాను.

నా అంత తెలివైన ఆడది ఈ వీధిలో ఇంకొకర్తి లేదు.

మేస్త్రి చెల్లెలి ఊరికి పోతానంటున్నాడు. నేను కనుక్కున్నాను, ఆ ఊళ్ళో ఒకటే బడి, దానికి బ్యాండు లేదు. అక్కడ ఈయనేం బాగుచేస్తాడు, చెల్లెలి గిన్నెలా? నిన్నటి నుంచి బాకాలు ఒక్కొక్కటే పాత పేపర్లలో చుడుతున్నాడు. టకటక లేదు. చేతిలో ఉన్న పని తిప్పి పంపించేస్తున్నాడు. నేను ఒక చొక్కా కాలరు మాడ్చాను. ముప్పై ఏళ్ళలో మొదటిది.

నీ పిన్ని

*

ఇంటి నుంచి,
మే 5

పిన్నీ,

కాగితాలు దొరికాయి. కూర్చుని చదువు, నిలబడి వద్దు.

మా ఇంట్లో బిస్కెట్ల డబ్బా ఒకటుంది, పెద్దది. అందులో నువ్వు పదకొండేళ్ళుగా రాసిన ఉత్తరాలన్నీ కవర్లతో సహా ఉన్నాయి. ప్రతి కవరు మీదా పోస్టాఫీసు ముద్ర, ముద్రలో తేదీ. నిన్న ఆదివారం నేల మీద పరుచుకుని కూర్చున్నాను. మా ఆయన రెండుసార్లు టీ పెట్టిచ్చి, మూడోసారి తనూ కూర్చుని చదవడం మొదలుపెట్టాడు.

మొదటి ఏడాది జూన్: "వెనక గదిలో ఒకాయన దిగాడు. నెమ్మదస్తుడనుకున్నాను. సుత్తి బయటికి తీసేదాకా." మూడో ఏడాది నవంబరు: "ఆ సర్కస్ వాళ్ళ బాకా ఊదితే వీధి కుక్కలన్నీ వరసగా వచ్చి కూర్చున్నాయి." ఆరో ఏడాది: "ఇవాళ గోడ కొట్టీ కొట్టీ ఇస్త్రీపెట్టె పిడి ఊడింది. మేస్త్రే బిగించి ఇచ్చాడు. బిగిస్తూ కూడా చప్పుడు చేశాడు." నువ్వు తిట్టని నెల లేదు పిన్నీ. మేస్త్రి ఆ గదిలో ఉన్నాడనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఎవరూ తేలేరు.

ఒక్క చిక్కు. నాలుగో ఏడాది నీకు నిమోనియా చేసి, కోలుకోవడానికే నెలలు పట్టింది. ఆ ఏడాదంతా ఒకే ఒక్క ఉత్తరం రాశావు. అందులో ఏం రాశావో నీకు గుర్తుండే ఉంటుంది. ఇవి నీ ఉత్తరాలు, నువ్వు సరే అంటేనే ఇస్తాను. విచారణ అధికారి మేస్త్రి ముందే వాటిని పైకి చదువుతాడు. అది పద్ధతి.

నీ చిట్టి

*

(కార్డు)
ఇస్త్రీ షాపు నుంచి, మే 9

చిట్టీ, తిట్లన్నీ ఇచ్చుకో. ఆ ఒక్కటీ ఇవ్వద్దు. దాన్ని చింపెయ్యమని అప్పుడే చెప్పాను. రేపు ఆయన మొహం ఎలా చూడను? నా పరువు నీ డబ్బాలో ఉంది, మూత పెట్టు. పిన్ని.

*

ఆఫీసు నుంచి,
మే 12

పిన్నీ,

మూత పెట్టాను. ఆ ఒక్కటీ లేకపోతే నాలుగో ఏడాది ఖాళీ. అది ఖాళీ అయితే మిగతా తొమ్మిదేళ్ళూ ఎందుకూ పనికిరావు. నేను బలవంతపెట్టను. ఇరవయ్యో తారీఖు సాయంత్రం ఐదింటికి కౌంటరు మూసేస్తారు, అంతవరకు చూస్తాను.

నీ చిట్టి

*

ఇస్త్రీ షాపు నుంచి,
మే 15

చిట్టీ,

ఇవాళ మేస్త్రి వచ్చి షాపు బల్ల మీద తాళంచెవి పెట్టాడు. కింద కాగితం పరిచి మరీ పెట్టాడు, చెవికున్న నూనె నా బట్టలకి అంటుతుందని. "మళ్ళీ గది కడగాల్సిన పని లేదండీ, నేను కడిగేశాను" అన్నాడు. మాట్లాడితే ఏడుస్తానని ఇస్త్రీ చేసిన చొక్కానే మళ్ళీ చేశాను. ఆయన వెళ్ళాక తాళంచెవి తీసుకెళ్ళి ఆయన తలుపుకే పెట్టి వచ్చాను.

ఇచ్చెయ్. ఆ ఉత్తరం కూడా ఇచ్చెయ్. పరువు పోతే పోయింది, నాకు ఇస్త్రీ వచ్చు.

నీ పిన్ని

*

ఇస్త్రీ షాపు నుంచి,
మే 29

చిట్టీ,

నువ్వు వరండాలోనే ఆగిపోవాల్సొచ్చింది, సిబ్బంది తమ బంధువుల విచారణకి లోపలికి రాకూడదట కదా. అంచేత లోపల జరిగింది నేనే రాయాలి. నిన్న బస్సు టైమైపోతోందని నీకు ఏమీ చెప్పలేదు. నిజానికి టైముంది.

విచారణ అధికారి మంచివాడే. కాలరు మాత్రం నమిలి ఉమ్మినట్టుంది, సగంసేపు నా దృష్టి దాని మీదే. "నివాసులు ఒకరు అని సంతకం పెట్టింది మీరేనా" అన్నాడు. నేనే, అబద్ధం చెప్పాను అన్నాను. ఎందుకని అడిగాడు. గది మురికిగా ఉందని అన్నాను. ఆయన కలం కింద పెట్టి ఫారం అటూ ఇటూ తిప్పాడు. ఫారంలో అలాంటి కారణానికి గడి లేనట్టుంది.

తర్వాత నీ డబ్బా తెరిచాడు. ఏడాదికొకటి తీసి పైకి చదువుతున్నాడు. మేస్త్రి నా పక్క కుర్చీలో, నేను మడత పెట్టిచ్చిన తెల్లచొక్కా వేసుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. కుక్కలు వరసగా కూర్చున్న ఉత్తరానికి గుమాస్తా నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. పిడి ఊడిన ఉత్తరానికి అధికారే నవ్వాడు. మేస్త్రి నవ్వలేదు, తల దించుకున్నాడు. ఆయన్ని పదకొండేళ్ళు గోడవతల నుంచి తిట్టాను గానీ, అది వింటూంటే ఆయన చెవులెలా ఎర్రబడతాయో నేనెప్పుడూ చూడలేదు.

అప్పుడు నాలుగో ఏడాది ఉత్తరం తీశాడు. దాన్ని అధికారి కూడా నెమ్మదిగా చదివాడు.

"పదకొండు రోజులుగా ఇంట్లో చప్పుడు లేదు. నాకు నిద్ర పట్టాలని మేస్త్రి పని మానేశాడు. రోజూ గుమ్మం దగ్గర సూపు గిన్నె పెట్టి, తలుపు తట్టకుండా పోతున్నాడు. చిట్టీ, ఆ నిశ్శబ్దంలో నాకు భయమేస్తోంది. చచ్చిపోయానేమో అనిపిస్తోంది. ఏదో ఒకటి ఊదమని చెప్పాలనుంది. నోరు రావడం లేదు. ఇది ఎవరికీ చెప్పకు, చదివి చింపెయ్యి."

నేను గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నాను. అధికారి ఉత్తరం మడిచి, కవర్లో పెట్టి, ముద్ర మీద తేదీ రాసుకుని, "ఎడతెగలేదు" అన్నాడు. అంతే. ఏడో పేజీలో "ఒకరు" కొట్టేసి "ఇద్దరు" అని రాసి మా ఇద్దరి చేతా సంతకాలు పెట్టించాడు.

మేస్త్రి మన స్టాపులో బస్సు దిగి, నాలుగడుగులు వేశాక ఆగాడు.

"ఒక్క మాట చెప్పి ఉంటే ఊదేవాణ్ణి కదండీ, ఓనరు గారూ."

"ఇల్లు రాసిచ్చాక నేను ఓనర్ని కాదు, శాఖ ఓనరు" అని మాత్రం అన్నాను. ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను. హాయిగానే ఏడ్చాను.

ఆ డబ్బా నీకు తిరిగిస్తారా? ఇస్తే దాచు.

నీ పిన్ని

*

ఆఫీసు క్యాంటీను నుంచి,
జూన్ 4

పిన్నీ,

డబ్బా ఇచ్చేశారు, ప్రతి కవరు మీదా "పరిశీలించితిమి" అని ముద్ర వేసి. మా పై అధికారిణి నకళ్ళు చదివి, కొత్త ఫారాల్లో ఒక లైను చేర్చమంది: "పరిశీలన నిమిత్తం ఎవరినీ, దేనినీ ఇంటి నుంచి కదపనక్కరలేదు." అది నీ లైను. శాఖ ఉన్నంతకాలం ఉంటుంది.

విచారణ అధికారి కాలరు గురించి నువ్వు రాసింది ఆయనకి చెప్పలేదు. కానీ ఈ సోమవారం ఆయన ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు.

నీ చిట్టి

*

కింద అంతస్తు, ఒకటో ఫ్లాటు నుంచి,
మరుసటి ఏడాది ఫిబ్రవరి 11

చిట్టీ,

ఇల్లు బాగుచేసిన ఎనిమిది నెలలూ చెరో అద్దె గదిలో మగ్గి నిన్న తిరిగి వచ్చాం. నాకు ఒకటో నంబరు, మేస్త్రికి రెండు. పైన నాలుగు కుటుంబాలు దిగాయి, మెట్ల మీద ఎప్పుడూ పిల్లల పరుగులే. వాళ్ళ యూనిఫాంలు చూస్తే నా చేతులు దురద పెడుతున్నాయి.

మీ శాఖ పనితనానికి వంక పెట్టడానికి లేదు, ఒక్కటి తప్ప. నాకూ మేస్త్రికీ మధ్య గోడ జానెడు మందం కట్టారు. లోపల ఏదో దూది లాంటిది కూడా కూరారట, చప్పుడు రాకుండా. పొద్దున తొమ్మిదికి ఇస్త్రీపెట్టె పట్టుకుని కూర్చున్నాను. ఏమీ వినపడలేదు. పది దాటింది. గోడకి చెవి పెట్టాను, ఏమీ లేదు. పిడితో మూడు దెబ్బలు వేశాను. గోడ పట్టించుకోలేదు.

ఇలాంటి గోడ గురించి ఫిర్యాదు చేసే ఫారం మీ ఆఫీసులో ఉంటుందేమో అని నీకు రాయడానికి కూర్చున్నాను. రెండు లైన్లు రాసి లేచాను. అవతలి గుమ్మానికి వెళ్ళి తలుపు తట్టాను. మేస్త్రి తీశాడు, చేతిలో సుత్తి.

"మేస్త్రీ, నాకు వినపడటం లేదు. తలుపు తీసి పని చేసుకోండి. ఏదో ఒకటి ఊదండి" అన్నాను.

తలుపు బార్లా తీసి, కింద ఇటుక అడ్డం పెట్టాడు. నేను నా తలుపు కూడా తీసి పెట్టాను. ఇదిగో, మొదలుపెట్టాడు. పోలీసు బ్యాండు వాళ్ళ బాకా అనుకుంటా, పేగులు తెగేలా ఊదుతున్నాడు, పైనుంచి పిల్లలు కేకలు. చెవులు చిల్లులు పడుతున్నాయి. నిన్న కడిగిన నా గుమ్మంలోకి అప్పుడే ఇత్తడి పొడి వచ్చేస్తోంది.

ఈ మనిషితో ఎలా వేగాలో నాకు తెలీడం లేదు. వచ్చే నెల వివరంగా రాస్తాను, డబ్బాలో చోటు చూసి ఉంచు.

నీ పిన్ని